అధిక మాసం పడిన ఏడు పండుగ కొబ్బరి లెక్క

మామిడికుదురు: పండుగ సరుకు సమకూర్చుకోవడం బట్టల కొట్టుకు నెల పని, కిరాణా కొట్టుకు పక్షం పని. కొబ్బరి వర్తకునికి అది ఏడాది పని. దసరాకు ఉత్తరాది బజారులో అమ్ముడుపోవలసిన కురిడీ సంక్రాంతి నాటికే ఇక్కడి అటక ఎక్కి ఉండాలి. ఎక్కించిన నాటి ధర ఖాతాలో ఉంటుంది. దించే నాటి ధర ఎవరికీ తెలియదు.

ఈ మండలానికి, కొబ్బరి వ్యాపారానికి ఉన్న బంధం పాతది. అప్పనపల్లి బాలబాలాజీ ఆలయాన్ని నెలకొల్పిన మొల్లేటి రామస్వామి కొబ్బరి వర్తకులే. అయినా దేవుని మీద భారం వేసి సరుకు కొనేవారు ఇక్కడ తక్కువ. పంచాంగం చూసి కొనేవారే ఎక్కువ. 2026 సంవత్సరానికి ఆ పంచాంగాన్ని మరొకసారి తిరగేయవలసి ఉన్నది. కారణం అధిక జ్యేష్ఠం.

మే 17 నుండి జూన్ 15 వరకు అధిక మాసం పడడంతో ఆ తరువాతి పండుగలన్నీ వెనక్కు జరిగినవి. 2025లో వినాయక చవితి ఆగస్టు 27న వచ్చింది, 2026లో సెప్టెంబరు 14న. విజయదశమి అక్టోబరు 2 నుండి అక్టోబరు 20కి, దీపావళి అక్టోబరు 20 నుండి నవంబరు 8కి పోయినవి. కార్తికం అక్టోబరు 22కు బదులు నవంబరు 10న మొదలు. మొత్తం మీద 18, 19 రోజుల తేడా. గుమాస్తాకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. సరుకు పట్టిన వానికి కాదు.

ముందు నీటికాయ సంగతి. తోటలో దింపు 45 నుండి 60 రోజులకు ఒకసారి. కిందటి ఏడు చవితికి సరిపోయిన దింపు వరస అధిక మాసపు ఏడు సరిపోదు. ఆగస్టు మొదట్లో దింపించి రాశి పోసినవారు చవితి గిరాకీ వచ్చేదాకా నెలకు పైగా కాయ కాపాడుకోవాలి. వానల్లో రాశి పోసిన కాయ ఊరుకోదు, మొలక ఎత్తుతుంది. గుడిలో కొట్టిన కాయలో పువ్వు కనిపిస్తే భక్తునికి శుభం. అదే పువ్వు లారీ సరుకులో కనిపిస్తే ధరకు కోత. కనుక రైతుతో బేరం చేసేటప్పుడే దింపు తేదీ మాట్లాడుకోవాలి. ధర ఒక్కటే మాట్లాడుకుని బయానా ఇచ్చి రావడం ఇటువంటి ఏడు పనికిరాదు.

బీహారు సరుకుకు లెక్క వెనుక నుండి వేసుకోవాలి. దీపావళి తరువాత ఆరవ రోజున ఛఠ్. ఆ పూజకు నీటికాయ తప్పనిసరి. అక్కడి చిల్లర వర్తకుని చేతికి దీపావళి నాటికైనా సరుకు అందకపోతే అమ్మకానికి వ్యవధి ఉండదు. కోనసీమకు రైలు లేదు, సరుకంతా లారీల మీదే పోవాలి. దారికి నాలుగైదు రోజులు, వలుపుకు, ఎగుమతికి మరికొన్ని రోజులు తీసివేస్తే అక్టోబరు మధ్యలో దింపిన కాయే ఛఠ్ కాయ. సరిగ్గా ఆ రోజుల్లోనే దసరా కూడా వచ్చి కూర్చున్నది. దింపువారికి, వలుపువారికి, లారీలకు ఒకేసారి గిరాకీ. వలుపు మేస్త్రీతో మాట ముందుగా అనుకోనివారు పండుగ రోజుల్లో అడిగినంత ఇవ్వవలసి వస్తుంది.

కురిడీది వేరే కథ. ఎనిమిది నెలలు మొదలు ఏడాది వరకు అటక మీద ఆరి, ఊపితే లోపల గుండు కదలాలి. పద్దెనిమిది రోజులు ఎక్కువ ఆగితే దానికి చెడుపు లేదు, చెడేది రొక్కమే. నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ వేసుకుంటే లక్ష రూపాయల సరుకుకు ఈ జాప్యం ఖరీదు 1,200 రూపాయలు. పది లక్షల సరుకుకు 12,000. అటక మీద కుళ్ళినవి, ఎలుక కొట్టినవి దీనిలో చేరలేదు. గండేరా ధరకు, గటగట ధరకు ఉండే తేడాలో నుండే ఇవన్నీ పూడ్చుకోవాలనుకుంటే గ్రేడింగు దగ్గర గట్టిగా ఉండక తప్పదు.

అసలు భయం మరొకచోట ఉన్నది. 2025లో కొబ్బరి ధరలు దేశమంతటా మద్దతు ధరను దాటి చాలా పైకి పోయినవి. ఆ ధరల మీద కొని అటక నింపినవారికి ప్రభుత్వపు మద్దతు ధర అండ కాదు. 2026 సీజనుకు క్వింటాలు మిల్లింగు కొబ్బరికి 12,027 రూపాయలు, గుండు కొబ్బరికి 12,500 రూపాయలు నిర్ణయించారు. రైతుకు అది నేల. హెచ్చు ధరకు కొన్న వర్తకునికి మాత్రం ఆ నేల చాలా లోతున ఉన్నది, అక్కడిదాకా పడితే నిలిచేది పెట్టుబడి కాదు. పైగా ఉత్తరాది కొనుగోలుదారుకు అంబాజీపేట ఒక్కటే దిక్కు కాదు. గుండు కొబ్బరికి కర్ణాటకలో తిప్టూరు ఉన్నది, పచ్చికాయకు తమిళనాడులో పొల్లాచ్చి ఉన్నది. మన ధర ఒక మెట్టు ఎక్కితే అతని ఫోను అటు పోతుంది.

ఇక వాతావరణం. 1996లోనూ అధిక మాసం వచ్చింది, అధిక ఆషాఢం. దీపావళి నవంబరు 10కి పోయింది. నవంబరు 6న తుపాను కోనసీమను తుడిచిపెట్టింది. పండుగ సరుకు మాట అటుంచి, చెట్లే మిగలలేదు. మళ్ళీ తోటలు కాపుకు రావడానికి ఏళ్ళు పట్టింది. పండుగలు త్వరగా వస్తే తుపాను తప్పుతుందని కూడా చెప్పలేము. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు కార్తికం మొదలై వారం కూడా కాలేదు. అయితే దీపావళి, కార్తికం రెండూ నవంబరులో పడినప్పుడు సరుకు తుపానుల నెలలోనే రోడ్డు మీద ఉంటుంది. ఇది గుర్తుంచుకుని లారీలు మాట్లాడుకోవాలి.

అటక మీది సరుకంతా దీపావళికే అని కూర్చోకుండా మూడో వంతు దసరాకు ముందే వదిలించుకుని రొక్కం చేసుకోవడం మంచిదని ఈ విలేకరి అభిప్రాయం. ఆ రొక్కంతో ముందు అప్పు తీర్చాలి, కొత్త సరుకు కొనడం తరువాత. చివరి ధర దాకా ఆగి లాభపడినవారు లేకపోలేదు, వారి పేర్లే అందరికీ గుర్తుంటవి. ఆగి నష్టపోయినవారు ఆ సంగతి కమీషను కొట్లో కూర్చుని చెప్పుకోరు.

అరువు విషయంలోనూ ఒక మాట. చవితి సరుకు బాకీ దసరాకు, దసరా బాకీ దీపావళికి తిరగవేయడం ఉత్తరాది వ్యాపారంలో మామూలే. 2026లో ఆ తిరగలి దీపావళి దాకా ఆడి ఆగేసరికి నవంబరు రెండో వారం. వెనువెంటనే ధనుర్మాసం, సంక్రాంతి గిరాకీకి కొనుగోళ్ళు మొదలు కావాలి. వసూళ్ళకు కిందటి ఏడు కంటే పందొమ్మిది రోజులు తక్కువ. చవితి సరుకు బిల్లు మీదనే వాయిదా తేదీ రాయించుకున్నవారికి ఆ పందొమ్మిది రోజులు చేతిలో ఉంటవి.