డ్యూటీ దిగాక మన ఖాఫిలా ఏది?

ముప్పై ఏళ్ళకు పైగా బస్సులో టికెట్లు ఇచ్చిన మనిషి, రోజుకు వందలాది ముఖాలు చూసిన మనిషి, పదవీ విరమణ చేసిన ఆరు నెలలకే పలకరించే దిక్కు లేక కూర్చున్నాడంటే మీరు నమ్ముతారా? నిజామాబాద్‌లో మా మొహల్లాలోనే ఉన్నారాయన. అందరూ కండక్టర్ సాబ్ అంటారు. అసలు పేరు గల్లీలో చాలామందికి తెలియదు. ఆయన ఎప్పుడు ఇంట్లో ఉన్నారు గనుక? తెల్లవారుజామున డిపోకు, లేకుంటే నైటౌట్. పండుగనాడు కూడా డ్యూటీయే.

ఆర్టీసీలో పదవీ విరమణ వయస్సును 2019లో 58 నుంచి 60 ఏళ్ళకు పెంచారు. ఆ రెండేళ్ళూ కలిసొచ్చాయని ఆయన సంతోషించారు. చివరిరోజు డిపోలో పూలదండలు వేశారు, శాలువా కప్పారు, ఫోటోలు తీశారు. “సాబ్, అప్పుడప్పుడు వస్తూండండి” అన్నారు. ఆయన వెళ్ళారు కూడా. మొదటిసారి చాయ్ తాగించారు. రెండోసారి కుర్చీ చూపించి, చార్టు చూసుకోవడంలో పడిపోయారు. మూడోసారి ఆయన వెళ్ళలేదు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. డ్యూటీ మీద ఏర్పడిన దోస్తీ డ్యూటీనే ఆనుకుని ఉంటుంది. ఒకే షిఫ్టు, ఒకే క్యాంటీన్, ఒకే అధికారి మీద విసుగు - ఇవే ఆ మాటలకు ముడిసరుకు. అవి లేకపోతే ఇద్దరి మధ్యా మాట సాగదు.

అమెరికాకు చెందిన రాబర్ట్ కాన్, టోనీ ఆంటోనుచ్చీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1980లో ఈ విషయం మీద ఒక సిద్ధాంతం చెప్పారు. ప్రతి మనిషీ ఒక ఖాఫిలాతో కలిసి జీవితం గడుపుతాడట. ఆ బిడారులో కొందరు గుండెకు దగ్గరగా నడుస్తారు. వారు మన హోదా చూసి వచ్చినవారు కారు, కడదాకా ఉంటారు. మరికొందరు బయటి వరుసలో నడుస్తారు. వారిని మనతో కలిపింది ఉద్యోగం, హోదా, అవసరం. ఆ పాత్ర ముగియగానే వారు మరో దారి పడతారు. మగవారిలో చాలామంది తమ కాలమంతా ఈ బయటి వరుసకే ఖర్చు చేస్తారు. లోపలి వరుసలో చూస్తే మిగిలేది ఒక్క భార్య మాత్రమే.

మరి ఆడవారి సంగతి? కండక్టర్ సాబ్ ఇంట్లో భాబీ పెళ్ళయిన నాటి నుంచీ బీడీలు చుడుతున్నారు. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో ఎన్ని వేల ఇళ్ళు ఈ పని మీద నడిచాయో మీకు చెప్పనవసరం లేదు. మధ్యాహ్నం వంట ముగించుకుని నలుగురైదుగురు స్త్రీలు ఒక ఇంటి వరండాలో చేరతారు. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం. చేతులు పని చేస్తుంటాయి, నోళ్ళు మాట్లాడుతుంటాయి. ఎవరి బిడ్డకు సంబంధం కుదిరింది, ఎవరి కోడలికి కాన్పు దగ్గరపడింది, ఎవరింట్లో పొయ్యి వెలగలేదు - అన్నీ అక్కడే తెలుస్తాయి. ఆ పనికి పూలదండల సభ లేదు, చివరిరోజు లేదు. కళ్ళు సహకరించినన్నాళ్ళు చుట్టడమే. కూలి తక్కువ, దగ్గు ఎక్కువ. కాని ఆ చాట చుట్టూ ఏర్పడిన బంధం మాత్రం ఇంటి గుమ్మంలోనే ఉంది. అది ఏ డిపో గేటు దగ్గరా ఆగిపోలేదు.

చుట్టాల ఇళ్ళకు కబురు పంపడం, ఖాలా ఆరోగ్యం కనుక్కోవడం, ఫుప్పీ అలక తీర్చడం - ఈ పనంతా కూడా ఇంట్లో స్త్రీ భుజాల మీదే ఉంటుంది. కెనడాకు చెందిన కరోలిన్ రోసెంతాల్ 1985లో ఈ ‘బంధువుల కాపలా’ గురించి రాస్తూ, ఇది కూడా ఒక పనేనని, ఎక్కువగా స్త్రీలే దాన్ని మోస్తున్నారని చూపించారు. మన ఇళ్ళలో దీనికి వేరే పరిశోధన కావాలా? ఈద్‌నాడు ఎవరింటికి షీర్ ఖుర్మా పంపాలో మగవారిలో ఎందరికి గుర్తుంటుంది?

అయితే ఉద్యోగం చేసే స్త్రీలందరి కథా ఇలాగే ఉంటుందని అనుకోకూడదు. మా బడిలో పనిచేసే ఉపాధ్యాయినులను చూస్తున్నాను. గంట కొట్టగానే మగవారు చాయ్‌కి వెళితే, వారు కూరగాయలు కొనుక్కుని ఇంటికి పరుగెత్తుతారు. బడిలో స్నేహానికి తీరిక లేదు, గల్లీలో కూర్చోవడానికి తీరిక లేదు. పదవీ విరమణ తర్వాత మనవళ్ళ పెంపకం మీద పడుతుంది. రెండు చోట్లా పనిచేసి, రెండు చోట్లా ఒంటరులైనవారు వీరిలో ఉన్నారు.

ఇక గల్ఫ్ నుంచి తిరిగివచ్చినవారి బాధ మరోరకం. ఇరవై ఏళ్ళు ఒకే గదిలో కేరళ వారితో, పాకిస్తాన్ వారితో కలిసి వండుకు తిన్న మనిషి, ఒకరోజు సంచి సర్దుకుని వచ్చేస్తాడు. ఆ గది మిత్రులు తలా ఒక దేశానికి చెదిరిపోతారు. ఇక్కడ ఇల్లు తాను పంపిన డబ్బుతో కట్టిందే. కాని అందులో ఏ నిర్ణయమైనా పిల్లలు తల్లినే అడుగుతారు. తన ఇంట్లో తానే మెహ్మాన్!

మళ్ళీ కండక్టర్ సాబ్ దగ్గరకు వద్దాం. బయట తోచక ఆయన రోజంతా వరండాలో కుర్చీ వేసుకుని కూర్చోసాగారు. ఏమైందో ఊహించగలరా? పర్దా పాటించే పొరుగు స్త్రీలు ఒక్కొక్కరే ఆ ఇంటికి రావడం మానేశారు. భాబీ లోపలి గదిలో ఒంటరిగా చాట ముందు కూర్చున్నారు. “ఆయన డ్యూటీ పోయింది, నా సావాసం పోయింది” అని మా ఇంటావిడతో అన్నారట. ఒక మనిషి పదవీ విరమణ ఇద్దరిని ఒంటరి చేసింది!

దివ్యఖుర్ఆన్‌లోని ‘అన్ నిసా’ అధ్యాయం 36వ వాక్యంలో తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, పేదలు, దగ్గరి పొరుగు, దూరపు పొరుగు, బాటసారి మొదలైనవారి పట్ల ఉత్తమంగా మెలగాలన్న ఆదేశం ఉంది. వారితో పాటే ‘ప్రక్కనున్న సహచరుడి’ ప్రస్తావన కూడా ఉంది. ఈ మాటకు వ్యాఖ్యాతలు ప్రయాణంలో తోడున్నవాడనీ, జీవిత భాగస్వామి అనీ, చదువులోనో వృత్తిలోనో కలిసి ఉన్నవాడనీ పలు అర్థాలు చెప్పారు. అంటే పనిలో తోటివాడికి మనపై హక్కు ఉంది. పొరుగువాడికీ ఉంది, భార్యకూ ఉంది. మనం ఒక్క హక్కును ముప్పై ఏళ్ళు తీర్చి, తక్కినవాటిని పెన్షన్ వచ్చాక చూద్దామని వాయిదా వేస్తున్నాం. అప్పటికి పొరుగువాడికి మన ముఖమే కొత్తగా కనిపిస్తుంది.

కండక్టర్ సాబ్‌కు దారి చూపించింది భాబీయే. బీడీ కార్మికులకు 1995 నాటి ఉద్యోగుల పెన్షన్ పథకం వర్తిస్తుంది. 58 ఏళ్ళు నిండి అర్హత ఉన్నవారికి కనీసం 1,000 రూపాయల పెన్షన్ అని 2014లో నిర్ణయించారు. కాని ఏటా తాము బ్రతికే ఉన్నామని ధ్రువపత్రం ఇవ్వాలి. ఫారాల్లో పేరు ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటుంది. ఆకు చుట్టి చుట్టి వేలిముద్రలు అరిగిపోయిన వృద్ధురాలికి యంత్రం ముందు నిలబడటమే ఒక పరీక్ష. “అజీ, జన్మంతా లెక్కలు రాశారు కదా. మా ఆడవాళ్ళ కాగితాలు కాస్త చూడరాదా?” అన్నారట భాబీ.

ఇప్పుడాయన జుహర్ నమాజు తర్వాత మస్జిద్ పక్కనున్న చాయ్ హోటల్ బల్ల మీద ఫారాలు పెట్టుకుని కూర్చుంటారు. బీడీ స్త్రీల కొడుకులు, మనవళ్ళు కాగితాలు తెస్తారు. అన్నీ పూర్తవుతాయని కాదు. కొన్ని ఫారాలు తిరిగివస్తాయి, ఆయన విసుక్కుంటారు, మళ్ళీ రాస్తారు. డిపో మిత్రులు మాత్రం తిరిగి రాలేదు. కాని అసర్ వరకు వరండా ఖాళీ అయింది. అక్కడ మళ్ళీ నాలుగు చాటలు చేరాయి.

ఉద్యోగంలో ఉన్న సోదరులారా, విరమణకు పదేళ్ళు ఉండగానే లెక్క చూసుకోండి. ప్రావిడెంట్ ఫండ్ లెక్క కాదు, మనుషుల లెక్క. మీ హోదా పోయినా మీ తలుపు తట్టేవారు ఎందరు? సెలవురోజున మొహల్లాలో ఒక రోగిని పరామర్శించండి. చుట్టాలకు ఫోన్ చేసే పని మొత్తం భార్యకే వదలకండి. రేపు ఆమె లేకపోతే ఆ దారులన్నీ మీకు మూసుకుపోతాయి. ఇంట్లో ఆమెకంటూ ఉన్న సమయాన్ని, ఆమె స్నేహితురాళ్ళు కూర్చునే చోటును గౌరవించండి. ఉద్యోగినులైన సోదరీమణులకు కూడా వారానికి ఒక సాయంత్రమైనా వంటింటి నుంచి సెలవు దొరకాలి. ఆ సెలవు ఇవ్వవలసింది కుటుంబమే.

నాకూ విరమణకు కొద్ది సంవత్సరాలే మిగిలాయి. ఈ మాటలు ముందుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. నిన్న సాయంత్రం బడి నుంచి వస్తూ, మా ఇంటికి మూడో తలుపులో ఉండే పెద్దాయన పేరేమిటని మా ఇంటావిడను అడిగాను. ఆమె నవ్వి, ఆయన పేరే కాదు, ఆయన మనవరాళ్ళ పేర్లు కూడా చెప్పింది.