సంతకముల లెక్క

గత ఆగస్టు 6వ తేదీన మా పాఠశాలలో హిరోషిమా దినమును జరిపితిమి. అణ్వస్త్రములు వలదని వ్రాసిన కాగితముపై విద్యార్థులచే సంతకములు చేయించితిమి. సాయంకాలము లెక్కింపగా సంతకములు 112 తేలినవి. ఆనాటి హాజరు 97! విచారింపగా, ఎనిమిదవ తరగతి బాలుడొకడు బడికి రాని మువ్వురు స్నేహితుల పేర్లను తానే వ్రాసెననియు, వానిని జూచి మరికొందరును అట్లే చేసిరనియు తెలిసినది. "సంఖ్య పెరిగిన మంచిదే గదా సార్!" అని అతడు మమ్ము ప్రశ్నించెను. అతనికి చెప్పిన సమాధానమునే ఇచట వ్రాయుచున్నాము.

అల్పసంఖ్యాక భాషవారమగు మనకు తలలెక్క క్రొత్త గాదు. తెలుగు తరగతిని నిలుపుకొనుటకై ప్రతి జూన్ మాసమున పిల్లలను లెక్కించుచునే యుందుము. కావున సంఖ్యకు విలువ లేదని మేము చెప్పము. కాని సంఖ్య మోసగింపనూ గలదు. 1950 మార్చిలో స్టాక్‌హోమ్ నగరమున శాంతివాదులు అణుబాంబును నిషేధింపవలెనని విజ్ఞప్తి వెలువరించిరి. దానికి 27 కోట్లకు పైగా సంతకములు వచ్చెనని నిర్వాహకులు ప్రకటించిరి. అందు సోవియట్ దేశపు వయోజనులందరును కలరట! కాదనుటకు వీలులేని చోట సంతకము దేనిని తెలుపును? జపానులో అట్లు గాదు. 1954 మార్చి 1న బికినీ దీవి యొద్ద అమెరికా ప్రేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద జపాను చేపలపడవపై రాలినది. అంతట టోక్యోలోని సుగినామి పేట గృహిణులు ఇంటింటికి తిరిగి సంతకములు సేకరించిరి. మరుసటి యేటికి దేశమంతట అవి 3 కోట్లు దాటెను.

సంతకమునకు బదులు పాలపన్ను నిచ్చినవారును కలరు. మన యిండ్లలో ఊడిన పన్నును పేడలో పెట్టి కప్పుపైకి విసరుదురు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున 1958 చివర నుండి తల్లులు దానిని పరిశోధకులకు పంపిరి. అణుపరీక్షల బూడిదలోని స్ట్రాన్షియం-90 కాల్షియమును పోలియుండుటచే, గడ్డినుండి ఆవుపాలకు, పాలనుండి బిడ్డల ఎముకలకు, దంతములకు చేరును. శిశువు ఎన్నడు పుట్టెను, గర్భవతిగా తల్లి ఎచట నుండెను, బిడ్డ త్రాగినది తల్లిపాలా, పోతపాలా యను వివరములను పంటితోపాటు చీటిపై వ్రాసి పంపవలెను. ఆ చీటిని పొరుగువారు వ్రాయజాలరు గదా! 1970 నాటికి సుమారు 3 లక్షల దంతములు చేరినవి. పరీక్షలు పెరిగిన యేండ్లలో పుట్టిన బిడ్డల పండ్లలో ఆ విషపదార్థము అధికముగా నుండెనని తేలినది. 1963 ఆగస్టు 5న గాలిలోను, నీటిలోను, అంతరిక్షములోను పరీక్షలను నిషేధించు ఒప్పందము కుదిరెను. దంతముల వలననే కుదిరెనని చెప్పజాలము. భూగర్భమున పరీక్షలు అటుపిమ్మటను సాగినవి. మన పోఖ్రాన్ పరీక్షలు, 1974లోను 1998లోను, అట్టివే.

మన కృష్ణకు దిగువను, నల్లమలలో, 2019లో యురేనియం అన్వేషణపై ఆందోళన చెలరేగినది. అది బాంబు కొరకు గాదు, విద్యుత్తు కొరకని చెప్పబడినది. అయినను కొలత చిక్కు ఒక్కటే. సెల్‌ఫోనులో మద్దతు తెలిపినవారు పలువురు. ఆనాటి కూలి మానుకొని రోడ్డుపై కూర్చుండిన అమ్రాబాదు ప్రాంతపు గ్రామస్థులు కొందరు. ఇరువురిని ఒకే గీతగా గీచి లెక్కించుట న్యాయమని మాకు తోచదు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ త్రవ్వకములు వలదని తీర్మానించెను.

మరునాడు ఆ కాగితమును తరగతికి తీసికొనిపోయితిమి. బాలుడు స్నేహితుల పేర్లు మూడింటిని తానే కొట్టివేసెను. బడికి వచ్చిన ఆ మువ్వురిలో ఇరువురు విషయము విని సంతకము చేసిరి. మూడవవాడు ఆలోచించి చెప్పెదననెను. ఆ స్థలమును ఖాళీగానే యుంచితిమి.