గుర్రం నోట్లో దాని వయసు

నిన్న చిన్నాడు పుష్కర్ సంత వీడియో చూస్తూ అడిగాడు: "తాతయ్యా, రెండూ మార్వారీ గుర్రాలే, రెండూ ఒకే ఎత్తు. ధరలో ఎందుకంత తేడా?" మంచి ప్రశ్న. కూర్చోండర్రా, చెబుతాను.

ఒంగోలు గిత్తల పందేల్లో రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం అని మైకులో పిలుస్తారు, విన్నారుగా? పశువు వయసు పళ్లను బట్టే చెబుతారు. గుర్రానికీ అంతే. ఎద్దుకు పైదవడలో ముందు పళ్లుండవు, గుర్రానికి మాత్రం పైన ఆరు, కింద ఆరు ఉంటాయి. రెండున్నరేళ్లకు నడిమి జత పాలపళ్లు ఊడి గట్టి పళ్లొస్తాయి. మూడున్నరకు వాటి పక్క జత, నాలుగున్నరకు చివరి జత. అయిదేళ్లకు నోరు నిండినట్టే.

అసలు తమాషా ఆ తర్వాతే. కొత్త పన్ను కొసన నల్లటి చిన్న గుంట ఉంటుంది. గడ్డిలో సిలికా ఉంటుంది కదా, నమిలీ నమిలీ పన్ను అరుగుతుంది. అరిగిన మేరకు చిగురులోంచి ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్లు పైకి జరుగుతూనే ఉంటుంది. కింది దవడ నడిమి పళ్లలో గుంట ఆరేళ్లకు మాసిపోతుంది, పక్క పళ్లలో ఏడుకు, చివరి పళ్లలో ఎనిమిదికి. పదేళ్లప్పుడు పైదవడ చివరి పంటి మీద, చిగురు దగ్గర, గోధుమరంగు గాడి ఒకటి తొంగిచూస్తుంది. 15 ఏళ్లకు సగం పంటిదాకా, 20 ఏళ్లకు కొసదాకా దిగుతుంది. మేతను బట్టి ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అవుతుంది లెండి.

దీన్ని ఎరిగిన మోసగాళ్లు ముసలి గుర్రం పళ్లలో గుంటలు తొలిచి, కాల్చి నల్లచేసేవాళ్లు. పాపం, నోరులేని జీవి! కానీ అసలు గుంట చుట్టూ తెల్లటి ఎనామిల్ అంచు ఉంటుంది. తొలిచిన గుంటకు అది ఎక్కణ్ణించి వస్తుంది?

నోరయ్యాక కాళ్లు. గట్టినేల మీద దుడుకు నడక నడిపించి తల గమనిస్తారు. నొప్పి ఉన్న ముందుకాలు నేలను తాకగానే తల పైకి ఎగుస్తుంది, మంచికాలు ఆనగానే కిందికి దిగుతుంది. కనిపించని నొప్పి కోసం పశువైద్యుడు కాలు మడిచి, నిమిషంపాటు పట్టుకుని వదలగానే పరిగెత్తిస్తాడు. గుండె కూడా వింటాడు. నిలకడగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాలి. గ్లాండర్స్ రక్తపరీక్ష చాలా ముఖ్యం, ఆ జబ్బు మనుషులకూ అంటుతుంది.

ఇంతచేసీ వైద్యుడు ధర చెప్పడు, ఒంటి సంగతే చెబుతాడు. ధర కట్టేవాడు దానికి వంశం, శిక్షణ, చేసిన పని కలిపి, అలాంటి గుర్రాలు ఈమధ్య ఎంతకు అమ్ముడయ్యాయో చూసి అంకె వేస్తాడు. చిన్నాడు చూసిన రెండు గుర్రాలకూ ఎత్తు ఒకటే కావచ్చు, నోళ్లూ కాళ్లూ ఒకటి కాకపోవచ్చు.

మరి ఒంటి మీది వెంట్రుకల సుడి మాటేమిటంటారా? చెడ్డసుడి ఉందని బంగారంలాంటి గుర్రానికి ధర తగ్గించేవాళ్లున్నారు, అది నాకు బాధే. సుడికీ గుర్రం సత్తువకూ సంబంధం లేదు. కానీ ఏ సుడి ఎక్కడుందో గుర్రం గుర్తింపు పత్రంలో బొమ్మమీద గీస్తారు, మన ఆధార్‌లో వేలిముద్ర తీసుకున్నట్టే.