రిలేషనల్ డేటాబేస్ రూపకల్పన: ఫిల్మ్‌నగర్ నుండి పొలం వరకు

హైదరాబాద్‌లోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయం. తెలుగు ఫిలిం చాంబర్ ఆఫ్ కామర్స్, రామానాయుడు స్టూడియోస్ వంటి సంస్థలు అక్కడే నెలకొని ఉన్నాయి. అదే నగరంలోని రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నది. ఈ రెండింటికీ పైకి పొత్తు కనిపించదు. అయితే గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమంలో రైతుల వివరాలు సేకరించే విద్యార్థి బృందం డేటాబేస్ నిర్మించదలచినప్పుడు, తొలి సాధనకు సినిమా వివరాలు ఎంతో అనువైనవి. అందరికీ తెలిసిన విషయం కనుక పట్టికలోని తప్పు వెంటనే బయటపడుతుంది. రైతు వివరాలలోని తప్పు అంత సులువుగా కనిపించదు. అది సిఫారసుగా మారి పొలం చేరిన తరువాతనే తెలుస్తుంది.

రిలేషనల్ నమూనా

1970లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన ఎడ్గార్ ఎఫ్. కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనాలో సమాచారం పట్టికల రూపంలో ఉంటుంది. ప్రతి గడిలో ఒకే విలువ ఉండాలి. ఒక వరుసను మరొక వరుస నుండి వేరుపరచే గుర్తింపును ప్రైమరీ కీ అంటారు. ఆ గుర్తింపునే మరొక పట్టికలో ఉంచి రెండింటినీ అనుసంధానించినప్పుడు అది ఫారిన్ కీ అవుతుంది. 1976లో పీటర్ చెన్ ప్రతిపాదించిన ఎంటిటీ–రిలేషన్‌షిప్ నమూనా ఈ సంబంధాలను కాగితంపై గీసి చూడడానికి తోడ్పడుతుంది. సాఫ్ట్‌వేర్ ఏదైనా, బృందం తొలుత తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ పట్టికలో ఒక వరుస దేనిని తెలుపుతుంది?

పేరు గుర్తింపు కాదు

‘దేవదాసు’ పేరుతో 1953, 1974, 2006 సంవత్సరాలలో తెలుగు చిత్రాలు వెలువడ్డాయి. చిత్రం పేరునే కీగా తీసుకుంటే మూడు చిత్రాల తారాగణం ఒకటిగా కలిసిపోతుంది. గ్రామంలో ఇంటిపేరు, పేరు రెండూ ఒకటే అయిన రైతులు ఇద్దరు ఉన్నప్పుడు జరిగేదీ ఇదే.

వరి రకాల విషయంలో ఇందుకు విరుద్ధమైన చిక్కు ఎదురవుతుంది. బీపీటీ 5204, సాంబ మసూరి ఒకే రకం. ఎంటీయూ 1010నే కాటన్‌దొర సన్నాలు అంటారు. ఆర్‌ఎన్‌ఆర్ 15048 తెలంగాణ సోనాగా ప్రసిద్ధం. ఇద్దరు విద్యార్థులు రెండు పేర్లతో నమోదు చేస్తే ఒకే రకం రెండుగా లెక్కకు వస్తుంది. కనుక రైతుకు ఒక క్రమసంఖ్య, రకానికి ఒక సంకేతం ఇచ్చి, వాడుక పేర్లను వేరొక పట్టికలో ఉంచాలి. మొబైల్ నంబరు మారవచ్చు, ఒకే నంబరును ఇంటిల్లిపాదీ వాడవచ్చు. కాబట్టి అది కీగా పనికిరాదు.

ఏ వివరం దేనికి చెందుతుంది?

1957లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో ‘మాయాబజార్’ తెలుగు, తమిళ భాషలలో రూపొందింది. అభిమన్యుని పాత్రను తెలుగులో అక్కినేని నాగేశ్వరరావు, తమిళంలో జెమినీ గణేశన్ పోషించారు. నటుని పేరును చిత్రం వరుసలోనే ఉంచితే ఈ భేదానికి చోటుండదు. తారాగణం చిత్రానికి కాక, దాని భాషారూపానికి చెందుతుంది.

అట్లే మట్టి పరీక్ష ఫలితం రైతుకు కాక, ఒక కమతం నుండి ఒక తేదీన తీసిన నమూనాకు చెందుతుంది. 2015లో ప్రారంభమైన సాయిల్ హెల్త్ కార్డు పథకంలో ఉదజని సూచిక, సేంద్రియ కర్బనం, నత్రజని తదితర 12 అంశాలను నమోదు చేస్తారు. రెండు సర్వే నంబర్లలో భూమి గల రైతుకు ఒకటి కారుచౌడు, మరొకటి మంచి నేల కావచ్చు. ఫలితాన్ని రైతు వరుసలోనే నమోదు చేస్తే రెండవ ఫలితం మొదటిదానిని చెరిపివేస్తుంది. అప్పుడు జిప్సం అవసరమైన పొలానికి అందక, అవసరం లేని పొలంలో వృథా అవుతుంది.

అనేకం–అనేకం సంబంధం

1977లో విడుదలైన ‘దాన వీర శూర కర్ణ’లో ఎన్.టి. రామారావు కర్ణుడు, దుర్యోధనుడు, శ్రీకృష్ణుడు అనే మూడు పాత్రలు పోషించి, దర్శకత్వమూ వహించారు. ఒక చిత్రంలో అనేక మంది నటులు, ఒక నటునికి అనేక చిత్రాలు ఉంటాయి కనుక రెండు పట్టికల నడుమ ఒక సంధాన పట్టిక అవసరం. చిత్రం, వ్యక్తి మాత్రమే దాని కీ అయితే మూడు పాత్రలలో ఒక్కటే నమోదవుతుంది. పాత్రను కూడా కీలో చేర్చాలి.

పత్తిలో కందిని అంతర పంటగా వేసిన పొలానికీ ఇదే వర్తిస్తుంది. కమతం, సంవత్సరం, సీజను మాత్రమే కీ అయితే కందికి చోటుండదు. పంటను కూడా చేర్చినప్పుడే రెండింటి దిగుబడీ లెక్కకు వస్తుంది.

బృందం పని విధానం

మొదట విస్తరణ శాస్త్రవేత్త అడగగల ప్రశ్నలను రాసుకోవాలి. జింకు లోపం గల కమతాలలో ఏ వరి రకం వేశారు? అంతర పంట వేసిన రైతులెందరు? సమాధానం ఇవ్వలేని పట్టిక అసంపూర్ణమని గ్రహించాలి. తరువాత ఒకరు గీసిన పట్టికల చిత్రాన్ని మరొకరు నిజమైన ఉదాహరణలతో పరీక్షించాలి.

ప్రతి గడి అర్థాన్నీ, కొలమానాన్నీ అందరూ కలిసి రాతపూర్వకంగా నిర్ణయించుకోవాలి. విస్తీర్ణం ఎకరాలలోనా, హెక్టార్లలోనా? దిగుబడి బస్తాలలోనా, క్వింటాళ్లలోనా? దిగుబడి గడి ఖాళీగా ఉంటే కొలవలేదని అర్థం. సున్న ఉంటే పంట పోయిందని అర్థం. ఈ రెండింటినీ కలిపివేస్తే సగటు దిగుబడి తప్పుతుంది. కొద్దిమంది రైతుల వివరాలతో పరీక్షించి, లోపాలు సరిదిద్దిన తరువాతనే పూర్తి నమోదు చేపట్టాలి. రైతు సమ్మతితో, అవసరమైన వ్యక్తిగత వివరాలను మాత్రమే సేకరించాలి.

విద్యార్థులు గ్రామం విడిచిన తరువాత మరుసటి ఏడాది మరొక బృందం వస్తుంది. పట్టికలు సక్రమంగా ఉంటే అదే కమతం కింద రెండవ సంవత్సరపు ఫలితం చేరుతుంది. లేకుంటే రైతు మళ్లీ మొదటి ప్రశ్న నుండి సమాధానం చెప్పుకోవలసి వస్తుంది.