ఒకే చోట పడే గుండు

ఆబిడ్స్ నుంచి బషీర్‌బాగ్ వైపు వెళ్తుంటే దారిలో గన్‌ఫౌండ్రీ వస్తుంది. ఇప్పుడు చాలామందికి అది బస్సు దిగే చోటు, బ్యాంకు చిరునామా. ఒకప్పుడు అక్కడ నిజంగానే ఫిరంగులు పోతపోశారు. రెండో అసఫ్ జా నిజాం అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్ 1795 ప్రాంతంలో ఆ కార్ఖానా పెట్టించాడు. హైదరాబాదీలు దాన్ని తోప్ కా సాంచా అన్నారు. ఖర్డా దగ్గర మరాఠాల చేతిలో నిజాం ఓడిపోయింది కూడా 1795లోనే. రేమండ్ 1798 మార్చిలో కన్నుమూశాడు. అదే ఏడాది అక్టోబరులో ఈస్టిండియా కంపెనీ అతని దళాల చేత ఆయుధాలు కింద పెట్టించింది. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద అతని సమాధి ఇప్పటికీ ఉంది.

రాజకీయం అక్కడితో ముగిసింది కానీ పోత పనివాళ్ల చిక్కు ముగియలేదు. ఇవాళ రైఫిల్ తూటాలు సొంతంగా నింపుకోవడం నేర్చుకునేవాడికి మొదటి రోజే ఎదురయ్యేది కూడా ఆ చిక్కే. ఒక గుండు వెళ్లిన దారినే రెండో గుండూ వెళ్లాలంటే ఏం చేయాలి?

ఫిరంగుల కాలంలో గుండు గొట్టంలో బిగుతుగా కూర్చునేది కాదు. పోత గుండ్లు అన్నీ ఒకే కొలతకు రావు. పైగా నాలుగు సార్లు పేల్చేసరికి గొట్టం లోపల మసి పేరుకుంటుంది. అందుకని సందు వదిలేవారు. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లిష్ ఫిరంగుల్లో గొట్టం లోపలి వ్యాసం 21 పాళ్లయితే గుండు 20 పాళ్లు. ఆ సందులోంచి తుపాకి మందు బలం కొంత వృథాగా పోయేది. అంతకన్నా పెద్ద నష్టం, గుండు గొట్టం గోడలకు ఎగిరెగిరి తగులుతూ, చివరిసారి తగిలిన వైపును బట్టి దారి మార్చుకుని బయటపడేది. గురిపెట్టినవాడి చెయ్యి ఎంత నిలకడగా ఉన్నా లాభం ఉండేది కాదు.

దీనికి మొదటి విరుగుడు గొట్టాన్ని సరిచేయడం. ఫిరంగిని బోలుగా పోతపోస్తే మధ్యలో పెట్టిన అచ్చు కాస్త పక్కకు జరిగినా రంధ్రం వంకరపోతుంది. మారిట్జ్ అనే స్విస్ కుటుంబం ఫిరంగిని గట్టి దిమ్మగా పోసి, తర్వాత తొలిచే యంత్రాన్ని ఫ్రాన్స్‌కు తెచ్చింది. అక్కడి ఫిరంగిదళ అధికారి గ్రిబోవల్ 1765 నుంచి ఫిరంగుల కొలతలన్నిటినీ ఒక పద్ధతిలోకి తెచ్చి ఆ సందును తగ్గించాడు. నా దృష్టిలో తుపాకుల చరిత్రలో అసలు మలుపు ఇది. బలం పెంచడం మాని, తేడా తగ్గించడం మీద మనుషులు దృష్టి పెట్టారు.

తేడా తగ్గించాలంటే ముందు దాన్ని కొలవాలి. ఆ దారి చూపినవాడు ఇంగ్లండు గణితవేత్త బెంజమిన్ రాబిన్స్. ఒక బరువైన చెక్కదిమ్మను లోలకంలా వేలాడదీసి దానిలోకి తుపాకి పేల్చాడు. దిమ్మ ఎంత ఊగిందో చూసి గుండు వేగం లెక్కగట్టాడు. 1742లో అచ్చయిన అతని పుస్తకం చూసి పండితులు నివ్వెరపోయారు. గుండు సెకనుకు దాదాపు 500 మీటర్ల వేగంతో వెళ్తోంది! గాలి ఆ గుండును అడ్డగించే బలం అప్పటివరకు అనుకున్నదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ! మహా గణితజ్ఞుడు ఆయిలర్ 1745లో ఆ పుస్తకాన్ని తన వ్యాఖ్యతో జర్మన్‌లోకి తెచ్చాడు. ఇవాళ షూటర్లు గుండు వేగం కొలవడానికి బారెల్ ముందు పెట్టుకునే క్రోనోగ్రాఫ్‌కు మూలపురుషుడు ఆ చెక్కదిమ్మే.

ఇక మిగతా అంగాలు త్వరత్వరగా వచ్చి చేరాయి. 1807లో ఫోర్సైత్ అనే స్కాట్లండు మతబోధకుడు దెబ్బకు పేలే రసాయనంతో మందు అంటించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1849లో మినియే గుండు వచ్చాక, మర కోసిన బారెల్‌ను నింపడం సైనికుడికి సులువైంది. మర వల్ల గుండు తన చుట్టూ తాను తిరుగుతూ పోయి దారి తప్పదు. 1884లో వియేల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పొగరాని మందు తయారుచేశాడు. సురేకారం, గంధకం, బొగ్గుల పాత మిశ్రమానికి కాలం చెల్లింది. అంతకుముందే, 1866 ప్రాంతంలో ఇంగ్లండులో బాక్సర్, అమెరికాలో బర్డాన్ ఇత్తడి తూటా అడుగున, మందు అంటించే ప్రైమర్‌ను బిగించే రెండు పద్ధతులు తెచ్చారు. బాక్సర్ పద్ధతిలో నడిమధ్య ఒకటే రంధ్రం. సన్నని సూదితో పొడిస్తే పేలిపోయిన ప్రైమర్ ఊడి వస్తుంది. ఇంట్లో బల్ల దగ్గర తూటా మళ్లీ నింపుకోవడం సాధ్యమైందంటే ఆ ఒక్క రంధ్రమే కారణం.

తూటాకు తొడుగైన ఆ ఇత్తడి కేసు కథలో మన వానాకాలానికీ భాగం ఉంది. 70 పాళ్ల రాగి, 30 పాళ్ల జింకు కలిసిన ఇత్తడి అది. బ్రిటిష్ సైన్యం మన దేశంలో వానలప్పుడు గుర్రపుశాలల్లో దాచిన తూటాల కేసులు వాటంతట అవే పగిలిపోయేవి. కారణాన్ని 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు వివరించారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా తేమతో కలిసి ఇత్తడిని తింటుంది. కేసును సాగదీసి తయారుచేసినప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు ఆ చోట పగులు తెస్తుంది. దీనికి విరుగుడు, సరైన వేడి చూపించి ఆ బిగువు పోగొట్టడం. ఒకే కేసును పదేపదే వాడేవాళ్లు ఇప్పటికీ దాని మెడకు వేడి చూపిస్తారు. అడుగుకు మాత్రం చూపించకూడదు. పేలినప్పుడు పుట్టే సుమారు 4,000 వాతావరణాల పీడనాన్ని కాచుకునేది ఆ అడుగే.

కొత్తగా చేరినవాడు బల్ల ముందు కూర్చుంటే అతని చేతిలో నాలుగు వస్తువులుంటాయి: కేసు, ప్రైమర్, మందు, బుల్లెట్. తయారీదారు పుస్తకంలో ఇచ్చిన కనిష్ఠ మోతాదుతో మొదలుపెట్టి, కొంచెం కొంచెం పెంచుతూ, ఒక్కో మెట్టు మీద మూడు గుండ్లు పేల్చి, ఏ మెట్టులో గుండ్లు పడిన గుంపు చిన్నగా వచ్చిందో చూసి అదే మంచి మోతాదు అనుకుంటాడు. గరిష్ఠం దాటకపోవడం ప్రాణాలకు సంబంధించిన నియమం, దానిలో వాదన లేదు. కానీ ఆ మూడు గుండ్ల తీర్పు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది.

గణాంకశాస్త్రం చెప్పేది వినండి. ఒకే రైఫిల్, ఒకే మోతాదు, ఏ మార్పూ లేదు. అయినా పది గుండ్ల గుంపు సగటున మూడు గుండ్ల గుంపుకన్నా 1.6 రెట్లు పెద్దగా వస్తుంది. మూడేసి గుండ్ల గుంపులను పోల్చుకుంటే ఒకటి మరొకదానికి రెట్టింపు ఉండటం కూడా మామూలే. అంటే గ్రెయిన్‌లో అయిదో వంతు మందు మార్చి, గుంపు సగమైందని సంబరపడినవాడు చాలాసార్లు చూసింది యాదృచ్ఛికతనే. గ్రెయిన్ అంటే 64.8 మిల్లీగ్రాములు, దానిలో అయిదో వంతు 13 మిల్లీగ్రాములు. ఆ కాసింత తేడా పనిచేయదని కాదు, మూడు గుండ్లు దాన్ని పట్టివ్వలేవని. ఎక్కువ గుండ్లు పేల్చాలి. గుంపులో రెండు చివరల మధ్య దూరం కాకుండా, నడిమి బిందువు నుంచి ప్రతి గుండు ఎంత దూరంలో పడిందో సగటు తీయాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి.

వేగం గురించి కూడా కొత్తవాళ్లు అనవసరంగా కంగారుపడతారు. సెకనుకు 800 మీటర్ల బుల్లెట్ 100 మీటర్లు దాటేలోగా దాదాపు 8 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. వేగంలో ఒక శాతం తేడా వస్తే ఆ దిగుడులో మార్పు 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అదే 600 మీటర్లకు వెళ్తే దిగుడు నాలుగు మీటర్లకు చేరుతుంది, ఒక శాతం తేడా 8 సెంటీమీటర్లవుతుంది. దగ్గరి గురికి వేగాన్ని పట్టుకుని వేలాడక్కర్లేదు, దూరపు గురికి అదే ప్రాణం.

మన దగ్గర ఈ పని చేసేవాళ్లు తక్కువ, కారణం చట్టంలోనే ఉంది. 1959 ఆయుధ చట్టం దృష్టిలో తూటా భాగాలూ, తూటాలు తయారుచేసే యంత్రాలూ కూడా మందుగుండే. లైసెన్సు లేకుండా వాటి జోలికి పోకూడదు. పోటీ షూటర్లలోనూ చాలామందికి ఈ పనితో అవసరం పడదు. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం తెచ్చింది ఎయిర్ రైఫిల్‌లో. అక్కడ మందే ఉండదు. 50 మీటర్ల పోటీల్లో వాడే .22 తూటాను మళ్లీ నింపలేరు, దాని ప్రైమర్ మసాలా అంచు మడతలో ఉంటుంది. అందుకే ఆ షూటర్లు వేరే దారి పట్టారు. కంపెనీ ఒక్కో విడతలో తయారుచేసిన తూటాలను తమ బారెల్‌తో పేల్చి చూసి, సరిపడిన విడతనే మూటగట్టి కొనుక్కుంటారు. రాబిన్స్ లెక్క అక్కడా నడుస్తుంది.

సొంతంగా నింపుకునేవాళ్లకు ఇంకొక జాగ్రత్త. మందు వేడికి ఎక్కువ పీడనం ఇస్తుంది. జనవరి చలిలో గరిష్ఠానికి దగ్గరగా తేల్చుకున్న మోతాదు, మే నెలలో 40 డిగ్రీలు దాటిన ఎండలో కారులో పెట్టి మరచిన పెట్టెలోంచి తీస్తే హద్దు దాటవచ్చు. నోటుబుక్కులో మోతాదు పక్కన తేదీతోపాటు ఆ పూట ఉష్ణోగ్రత కూడా రాసి పెట్టుకోవాలి.