మెషిన్ ఫ్రీ అన్నారు... కోత మాత్రం ఆగలేదు!

సంక్రాంతికి ఆత్రేయపురం వెళ్తే నాకు రెండు డ్యూటీలు ఖాయం. ఒకటి, బాబాయి పూతరేకుల షాపులో ప్యాకింగ్. రెండోది, ఇంటిల్లిపాది ఫోన్లూ బాగుచేయడం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అంటే మా ఊళ్లో అర్థం అదే మరి! ఈసారి మూడోది కూడా తగిలింది.

కనుమ రాత్రి షాపు కట్టేశాక బాబాయి పాస్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టాడు.

“ఒరేయ్, కార్డు మీద అమ్మిన డబ్బులకీ బ్యాంకులో పడిన డబ్బులకీ పొంతన కుదరట్లేదురా. ఎక్కడో జారిపోతోంది. ఓసారి చూడు.”

సంగతేంటంటే, దసరా ముందు ఓ కుర్రాడు వచ్చాడట. మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబ్. “మెషిన్ ఫ్రీ అండి. చార్జీ 0.4 శాతమేనండి. ఆర్‌బీఐ రూలే అండి” అన్నాడట. బాబాయి “ఆయ్” అని ట్యాబ్ మీద వేలితో సంతకం గీసేశాడు. అగ్రిమెంటు ఈమెయిల్‌కి వెళ్లింది. ఆ ఈమెయిల్ ఎప్పుడో మా చెల్లి తెరిచింది. పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు.

రీసెట్ చేసి చూస్తే పీడీఎఫ్ చివర్లో అసలు కథ ఉంది. అన్ని కార్డులకూ కలిపి ఒకటే రేటు, 2 శాతం. రెండు నెలలు దాటాక మెషిన్‌కి నెలకు 400 అద్దె. ఏడాదిలోపు వెనక్కిస్తే జరిమానా.

0.4 శాతం అబద్ధమా?

పూర్తి అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా నమ్మేశాం!

కార్డు గీసిన ప్రతిసారీ షాపు డబ్బులోంచి కొంత కోస్తారు. దీన్నే ఎండీఆర్ అంటారు. అది కార్డు ఇచ్చిన బ్యాంకు, కార్డు నెట్‌వర్క్, మెషిన్ పెట్టిన సంస్థ పంచుకుంటాయి. అయితే అన్ని చెల్లింపులకూ ఒకే కోత ఉండదు.

• రూపే డెబిట్ కార్డు, మామూలు యూపీఐ: 2020 జనవరి 1 నుంచి ఎండీఆర్ సున్నా.

• మిగతా డెబిట్ కార్డులు: 2018 జనవరి 1 నుంచి ఆర్‌బీఐ పరిమితి ఉంది. ఏడాది టర్నోవర్ 20 లక్షల లోపు ఉన్న షాపుకి మెషిన్ మీద గరిష్ఠంగా 0.4 శాతం. ఎంత పెద్ద బిల్లయినా 200 రూపాయలు దాటకూడదు. 20 లక్షలు మించిన షాపుకి 0.9 శాతం, గరిష్ఠంగా 1,000 రూపాయలు.

• క్రెడిట్ కార్డులు: ఆర్‌బీఐ పరిమితి లేదు. బేరమాడుకోవాల్సిందే.

ఆ కుర్రాడు చెప్పింది రెండో రకం రేటు. సంతకం పెట్టించుకుంది మూడో రకం రేటుకి. మధ్యలో రూపే డెబిట్ మీద కూడా 2 శాతం లాగేశారు.

డిసెంబర్ లెక్క ఇదీ

బాబాయి షాపు టర్నోవర్ 20 లక్షల లోపే. ఎక్కువ మంది క్యూఆర్ మీదే కడతారు. డిసెంబర్‌లో కార్డుల మీద వచ్చింది 60 వేలు. అందులో రూపే డెబిట్ 15 వేలు, ఇతర డెబిట్ 20 వేలు, క్రెడిట్ 25 వేలు.

కుర్రాడి మాట ప్రకారం బాబాయి వేసుకున్న ఖర్చు 240 రూపాయలు. నిజంగా కోసింది 2 శాతం చొప్పున 1,200, అద్దె 400, మొత్తం 1,600. క్రెడిట్‌కి అదే 2 శాతం ఉంచి, మిగతావి రూల్ ప్రకారం లెక్కేస్తే 580 అవ్వాలి. అంటే ఒక్క నెలలో 1,020 రూపాయలు అదనం.

పైన జీఎస్‌టీ వేరే. నిజానికి 2 వేల రూపాయల వరకు ఉన్న కార్డు బిల్లు మీద బ్యాంకు తీసుకునే చార్జీకి జీఎస్‌టీ మినహాయింపు ఉంది. పూతరేకుల షాపులో 2 వేలు దాటే బిల్లులు ఎన్ని ఉంటాయి చెప్పండి? మా స్టేట్‌మెంట్లో అన్నిటికీ వేసేశారు.

వెయ్యేగా అనిపించొచ్చు. పొయ్యి దగ్గర కూర్చుని, బోర్లించిన కుండ మీద ఒక్కో రేకూ తీసే మా పిన్నిని అడగండి, వెయ్యి రూపాయలంటే ఏంటో!

కస్టమర్ మీద వేసేస్తే?

“పోనీ, ‘కార్డుకి 2 శాతం ఎక్స్‌ట్రా’ అని బోర్డు పెట్టేద్దామా?” అంది పిన్ని. చాలా షాపుల్లో జరిగేది ఇదే. కానీ డెబిట్ కార్డుకి ఎండీఆర్‌ని కస్టమర్ మీద వేయకూడదని ఆర్‌బీఐ చెప్పింది. పైగా రావులపాలెం నుంచి పనిగట్టుకుని లోపలికొచ్చిన హైదరాబాద్ కారు, మళ్లీ మన షాపు దగ్గరే ఆగాలి కదా?

మేం ఏం చేశాం?

మెషిన్ ఇచ్చిన సంస్థకి, దాని వెనకున్న బ్యాంకుకి ఈమెయిల్ పెట్టాం. నెలవారీ లెక్క, రూల్ ప్రకారం అవ్వాల్సిన లెక్క పక్కపక్కన పెట్టాం. తిట్లు లేవు, అంకెలే. మూడు వారాలకి రేట్లు విడగొట్టారు. రూపే డెబిట్ కోత తిరిగొచ్చింది. అద్దె మాత్రం రాలేదు, “సంతకం ఉంది కదండి” అన్నారు. అదీ నిజమే.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. ఆన్‌లైన్‌లో సీఎంఎస్ పోర్టల్ ఉంది. సందేహాలుంటే 14448కి కాల్ చేయండి. ఫీజేమీ ఉండదు.

మీ ఇంట్లో షాపుందా? సంతకానికి ముందు ఇవి అడగండి

1. రూపే డెబిట్, ఇతర డెబిట్, క్రెడిట్... మూడిటికీ రేటు విడివిడిగా ఎంత?

2. అద్దె, ఇన్‌స్టలేషన్, పేపర్ రోల్, సిమ్... నెలకి అన్నీ కలిపి ఎంత? ఫ్రీ అయితే ఎన్నాళ్లు?

3. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? మెషిన్ తీసుకున్నట్టు రసీదు ఇస్తారా?

4. అద్దె కోసం బ్యాంకు ఖాతా మీద ఆటో డెబిట్ పెడుతున్నారా? మెషిన్ ఇచ్చేశాక అది కూడా రద్దయిందో లేదో బ్యాంకులో చూసుకోండి.

5. అగ్రిమెంటు ముందే పంపుతారా? “ఇప్పుడే పెట్టాలండి, ఆఫర్ ఈరోజుతో అయిపోతుంది” అంటే ఆ ఆఫర్‌ని అలా పోనివ్వండి.

అన్నిటికంటే ముందు, ఒక నెల మీ అమ్మకాల్లో యూపీఐ ఎంత, డెబిట్ ఎంత, క్రెడిట్ ఎంత అని రాసుకోండి. క్యూఆర్‌తోనే పని జరిగిపోతుంటే అద్దె మెషిన్ అక్కర్లేదేమో కూడా!

మొన్న బాబాయి ఫోన్ చేశాడు. ఇంకో కుర్రాడు వచ్చాడట, సౌండ్ బాక్స్ ఫ్రీ అంటూ. బాబాయి కుర్చీ వేసి, ఓ పూతరేకు చేతిలో పెట్టి అన్నాడట: “తిను బాబూ. తిన్నాక ఆ ఫ్రీ ఏదో వాట్సాప్‌లో రాసి పెట్టు. మావాడు చూసి చెప్తాడు.”

పూతరేకు అయిపోయింది. మెసేజ్ మాత్రం ఇంకా రాలేదు.