రంపం నడిచిన గీత

మా మనవరాలికి నాలుగేళ్ళు. మధ్యాహ్నం అన్నం తిన్నాక చాప పరుచుకుని, 24 ముక్కల ఏనుగు పజిల్‌ను డబ్బాలోంచి గుమ్మరించుకుని కూర్చుంటుంది. ఆ చప్పుడు వినగానే నేనూ పక్కన చేరతాను. మొన్నమొన్నటి దాకా ఒక ముక్క తీసుకుని, కనిపించిన ప్రతి ఖాళీలోనూ పెట్టి చూసేది. పట్టకపోతే అరచేత్తో గట్టిగా అదిమేది. ఇప్పుడు అదమడం తగ్గింది. ముక్కను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని "ఇది తొండం చివర" అని తనలో తాను గొణుక్కుంటుంది. చాప మీద పెట్టకముందే దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పుతుంది. ఆ తిప్పడం చూశాకే నాకు ఈ ఆటవస్తువు పుట్టుపూర్వోత్తరాల మీద మనసు మళ్ళింది.

ఇది 1760లలో లండన్‌లో పుట్టింది. దీనికి మూలపురుషుడిగా ఎక్కువమంది చెప్పే పేరు జాన్ స్పిల్స్‌బరీ. మూడో జార్జి రాజుకు పటాలు గీసిపెట్టే థామస్ జెఫ్రీస్ దగ్గర పని నేర్చుకున్న పటాల చెక్కుడు పనివాడు. అచ్చువేసిన ఐరోపా పటాన్ని పల్చటి మహాగని పలకకు అంటించి, సన్నటి రంపంతో దేశాల సరిహద్దుల వెంబడి కోశాడు. ఫ్రాన్స్ ఒక ముక్క, స్పెయిన్ ఒక ముక్క. పిల్లలు ఆ దేశాలను చేత్తో పట్టుకుని, పక్కపక్కన పేర్చి భూగోళం నేర్చుకోవాలన్నది ఆలోచన. రాజుగారి పిల్లల ఆలనాపాలనా చూసిన లేడీ షార్లెట్ ఫించ్ కూడా వాళ్ళకు ఇలాంటి పటాలతోనే పాఠం చెప్పింది. ఆ పటాలు దాచిన చెక్క బీరువా నేటికీ భద్రంగా ఉంది. స్పిల్స్‌బరీ మాత్రం 1769లోనే కన్నుమూశాడు. అప్పటికి అతనికి ముప్ఫై ఏళ్ళకు అటూఇటూ. చేతిపని, చెక్క ఖరీదు కలిసి ఆ పటాల పజిల్స్ కలిగినవాళ్ళ ఇళ్ళకే చేరాయి. 1814లో వచ్చిన జేన్ ఆస్టిన్ నవల ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’లో, పేదింటి నుంచి వచ్చిన ఫానీకి ఐరోపా పటం పేర్చడం చేతకాదని బంధువుల ఆడపిల్లలు ఆశ్చర్యపోయేది అందుకే.

ఈ వస్తువులో అసలు కనిపెట్టింది బొమ్మను కాదు, చెక్కనూ కాదు, కోతను. కోత ఎక్కడ పడితే పాఠం అక్కడ ఉంటుంది. సరిహద్దు మీద కోస్తే పిల్లవాడి వేలికి సరిహద్దే తగులుతుంది. అలాంటి పజిల్‌కు ముసలితనమూ వస్తుంది. స్పిల్స్‌బరీ పటంలో పోలండ్ ఉంది. 1772లో, 1793లో, 1795లో ఇరుగుపొరుగు రాజ్యాలు దాన్ని పంచేసుకున్నాక ఆ దేశమే పటంలో లేకుండా పోయింది. పాత డబ్బాలో ఆ ముక్క మాత్రం మిగిలింది. మా ఇంట్లోనూ అలాంటిదొకటుంది. మా అమ్మాయి చిన్నప్పుడు కొన్న చెక్క భారతదేశంలో ఆంధ్రప్రదేశ్ ఒకటే ముక్క. 2014 జూన్ 2 తర్వాత తయారైన పజిల్లో అదే చోటికి రెండు ముక్కలు కావాలి.

జిగ్‌సా అన్న పేరు వందేళ్ళకు పైగా ఆగి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో కుట్టుమిషన్‌లా కాలితో తొక్కి నడిపే రంపాలు వచ్చాయి. సన్నటి రంపపు పోగు కిందికీ పైకీ ఆడుతుంటే, పలకను చేతులతో తిప్పుతూ ఎన్ని వంకరలైనా కోయవచ్చు. ఆ రంపం పేరే ఆటకు అంటుకుంది. 1908 ప్రాంతంలో అమెరికాలో పెద్దవాళ్ళకు దీని పిచ్చి పట్టుకుంది. 1909లో పార్కర్ బ్రదర్స్ తక్కిన ఆటలన్నీ ఆపి, ఫ్యాక్టరీ మొత్తాన్ని ఈ పజిల్స్‌కే కేటాయించింది. అంతకుముందు చాలా ముక్కలకు పట్టు ఉండేది కాదు, పక్కన ఎవరైనా తుమ్మితే పని చెడేది. ఒక ముక్క బొడిపె పక్క ముక్క గుంతలో దిగి పట్టుకునే కోత అప్పుడే జనంలోకి బాగా వెళ్ళింది.

ఆ తర్వాత రంపమే పక్కకు తప్పుకుంది. శుభలేఖలు, స్వీటు డబ్బాలు కోసే ప్రెస్సుల్లో డై చూసినవాళ్ళకు సంగతి వెంటనే అర్థమవుతుంది. పదునైన ఉక్కు పట్టీలను ముక్కల ఆకారంలో వంచి చెక్కలో బిగిస్తారు. బొమ్మ అంటించిన అట్టను దాని మీద పెట్టి ఒక్క నొక్కు నొక్కితే వందల ముక్కలు ఒకేసారి తెగుతాయి. దాంతో ధర నేలకు దిగింది. ఆర్థిక మాంద్యం నాటి అమెరికాలో, 1933 మొదట్లో, వారానికి కోటి పజిల్స్ అమ్ముడుపోయాయి. ఉద్యోగాలు ఊడిన ఇళ్ళలో పావు డాలరుకు కొన్న అట్టపెట్టెతో ఎన్నో సాయంత్రాలు గడిచాయి.

బడికి వెళ్ళని వయసు పిల్లల వైపు దీన్ని మళ్ళించినవాళ్ళలో మరియా మాంటిస్సోరి పేరు తలుచుకోవాలి. ఆమె పద్ధతిలో వాడే చెక్క పటాల్లో ప్రతి దేశానికీ ఒక చిన్న గుబ్బ ఉంటుంది. పసివాడు దాన్ని మూడు వేళ్ళతో పట్టుకుని ఎత్తుతాడు. రేపు పెన్సిల్ పట్టేదీ ఆ మూడు వేళ్ళే. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉండి వందలాది టీచర్లకు శిక్షణ ఇచ్చింది. మన ఊళ్ళలో ‘మాంటిస్సోరి’ అని బోర్డు కట్టిన బళ్ళలో ఆ గుబ్బల పటం ఎన్నింట ఉందో చూడాలని నాకెప్పుడూ ఉంటుంది.

చేతిలో తిప్పడం సంగతికొస్తాను. చికాగో విశ్వవిద్యాలయంలో సూసన్ లెవీన్ బృందం 53 మంది పిల్లలను 26 నెలల వయసు నుంచి 46 నెలల దాకా, నాలుగేసి నెలలకొకసారి ఇళ్ళకే వెళ్ళి గమనించింది. ఎవరికీ ఏ పనీ చెప్పలేదు, మామూలుగా ఉండమన్నారు. 54 నెలలప్పుడు పరీక్ష పెట్టారు. రెండు ముక్కలను మనసులోనే జరిపి, తిప్పి కలిపితే ఏ ఆకారం వస్తుందో చూపించాలి. పజిల్స్‌తో ఆడిన పిల్లలు ఆడనివాళ్ళకంటే బాగా చేశారు. 2012లో అచ్చయిన ఆ పరిశీలన, పజిలే కారణమని తేల్చి చెప్పదు. ఆ నేర్పు ముందే ఉన్న పిల్లలే పజిల్స్ కోరుకుని ఉండవచ్చు. 2021లో బ్రిటన్‌కు చెందిన మార్టిన్ డొహర్టీ బృందం ఇంకో వింత గమనించింది. మూడేళ్ళ పిల్లలకు ముక్క మీది బొమ్మ పెద్దగా సాయం చేయదు, ఆకారంతోనే తంటాలు పడతారు. నాలుగేళ్ళ ప్రాంతంలో బొమ్మే దారి చూపడం మొదలవుతుంది. "ఇది తొండం చివర" అన్న మాట విలువ నాకు అది చదివాకే తెలిసింది.

పక్కన కూర్చునే పెద్దవాళ్ళు ముక్క పెట్టి చూపించకూడదన్నది నా గట్టి నమ్మకం. మాట సాయం చాలు. "తిప్పి చూడు", "తిన్నటి అంచు ఉందా?", "మూల ముక్కలు ఏవీ?" అంటే సరిపోతుంది. అంచులు ముందు వెతకమనడానికి లెక్క కూడా ఉంది. ఆరు నిలువు వరసలు, నాలుగు అడ్డ వరసలు ఉన్న 24 ముక్కల పజిల్లో మూలలు 4, అంచులు 12, లోపలివి 8. అంటే మూడింట రెండు వంతులకు కనీసం ఒక పక్కైనా తిన్నగా ఉంటుంది. అదే వెయ్యి ముక్కల్లో, 40 వరసలు 25 వరసలుగా ఉంటే, అలాంటివి 126 మాత్రమే.

మొన్న పాత క్యాలెండర్‌లోని ఆవు దూడ బొమ్మను మైదా బంకతో స్వీటు డబ్బా అట్టకు అంటించాను. ఆరాక పెన్సిల్ పట్టుకుని ఆలోచనలో పడ్డాను. ఖాళీ ఆకాశం మీద గీత గీస్తే రెండు ముక్కలూ ఒకేలా నీలంగా ఉండి పిల్ల విసుగెత్తిపోతుంది. ఆవు కన్ను మీదుగానో, దూడ మెడ మీదుగానో గీస్తే రెండు సగాలూ ఒకదాన్నొకటి పిలుస్తాయి. మనవరాలు నా మోకాలి మీద గడ్డం ఆన్చి, గీయని బొమ్మనే చాలాసేపు చూసింది. తర్వాత ఆవు చెవి మధ్యలో వేలు పెట్టి, "అమ్మమ్మా, ఇక్కడ కొయ్యి. అప్పుడు నాకు దొరుకుతుంది" అంది.